రిఫరీగారి అల్లుడు

ఫుట్‌బాల్ సీజన్ ముగిస్తే ఊరంతా నీరసపడిపోతుంది గానీ, మలుపులో ఉన్న ఆ టైలరు కొట్టుకి మాత్రం అప్పుడే చేతినిండా పని. ఊరి జట్టు ఆటగాళ్ళని మారుస్తుంది కదా, అభిమానులేమో చొక్కాలు మార్చరు, నంబర్లు మారుస్తారు. వీపు మీద కుట్టిన పాత అంకె విప్పించి, కొత్తగా మనసుపడ్డవాడి అంకె కుట్టించుకుంటారు. దీనికి ఆ వీధిలో "విప్పుడు" అని పేరు. ఫలానావాడికి ఈసారి విప్పుడు తప్పదు అన్నారంటే, వాడి పని అయిపోయిందని అర్థం.

ఆ కొట్టు టైలర్ని ఎవరూ టైలరనరు, రిఫరీగారంటారు. ఆయన జన్మలో విజిల్ ఊదలేదు. కాకపోతే స్కూటరు ఎవరి గుమ్మం ముందు పెట్టాలన్న తగాదా దగ్గర్నుంచి, ఆదివారం ఇచ్చిన పెనాల్టీ న్యాయమా కాదా అన్న తగాదా దాకా అన్నీ ఆయన కటింగ్ బల్ల దగ్గరికే వస్తాయి. ఆయన కత్తెర పక్కన పెట్టి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి ఒక మాట అంటే ఇంక దానికి తిరుగులేదు. సొంత తమ్ముడి కుక్క పక్కింటావిడ చెప్పులు కొరికితే, తమ్ముడి చేతే కొత్త చెప్పులు కొనిపించిన మనిషి. ఆ కథ అడిగినవాళ్ళకీ చెప్తాడు, అడగనివాళ్ళకీ చెప్తాడు.

అలాంటాయనకి ఆ జట్టులో ఆడేవాడే అల్లుడయ్యాడు. ఎడమ పక్క కాపుకాసే డిఫెండరు, మూడో నంబరు. కుర్రవాడు నెమ్మదస్తుడు, నోట్లో నాలుక లేనివాడు. పెళ్ళైన ఏడాది రిఫరీగారు ఉబ్బితబ్బిబ్బై, అడిగినవాళ్ళందరికీ మూడో నంబరు ఉచితంగా కుట్టి పెట్టాడు. ఆదివారం సాయంత్రం వీధిలోకి చూస్తే ఏ వీపు మీద చూసినా మూడే. కొన్నేళ్ళపాటు ఆ అంకె చూసుకుని ఆయన ఛాతీ ఒక అంగుళం పెరిగిందని ఆయన భార్యే అంటుండేది, కొలత టేపు చూపిస్తూ.

ఈ సీజన్ మొదట్నించీ జట్టుకి కాలం కలిసిరాలేదు. చివరి ఆట డ్రా అయినా చాలు, పై డివిజన్లో నిలబడతారు అన్నంత దాకా వచ్చింది. ఆ ఆటలో, ఇంకాసేపట్లో విజిల్ పడుతుందనగా, గోలు ముందు కలబడి అడ్డుకోబోయిన అల్లుడి మోకాలికి తగిలి బంతి సొంత గోల్లోకే పోయింది. జట్టు కింది డివిజన్‌కి జారిపోయింది. స్టాండులో రిఫరీగారు నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉండిపోయాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఆయన్ని తిట్టలేదు, ఆయన అల్లుణ్ణీ తిట్టలేదు. ఒక్కొక్కరే ఆయన వంక చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకి.

ఆ తర్వాత వారం నుంచి కొట్టులో రోజూ పంచాయితీ. వచ్చేవాళ్ళు ముగ్గురు. ఒకాయన రిటైరైన బస్సు కండక్టరు, ఇప్పటికీ ఎదురుగా కూర్చున్నవాడితో కూడా వెనక సీటువాడికి వినపడేట్టే మాట్లాడతాడు. రెండోవాడు బేకరీ ఆయన. మూడోవాడు ఎలక్ట్రీషియను, అందరూ షాక్ అంటారు, కారణం అడిగితే వాడికి కోపం. వచ్చే సీజన్‌కి ఎవర్ని ఉంచాలి, ఎవర్ని పంపాలి, ఎవర్ని కొనాలి అని వాళ్ళు వాదించుకుంటుంటే క్లబ్బు వాళ్ళ చేతిలోనే ఉందేమో అనిపిస్తుంది.

"ముందు గోలీని మార్చాలి," అన్నాడు కండక్టరు. "చేతులు చాస్తాడు, కాదనను. కానీ బంతి వెళ్ళిపోయాక చాస్తాడు."

"గోలీ ఏం చేస్తాడు పాపం. మధ్యలో బంతిని కాసేపు కాళ్ళ దగ్గర పెట్టుకునేవాడు ఒక్కడైనా ఉంటేగా," అన్నాడు బేకరీ ఆయన. "వచ్చిన బంతిని వచ్చినట్టే అవతలివాడికి అప్పజెప్పడమేనాయె."

"అసలు కోచ్‌కే కనెక్షన్ లేదు," అన్నాడు షాక్. "గోల్స్ కొట్టే ఆ బంగారుకాలు ఒక్కణ్ణీ వదులుకోకుండా ఉంటే చాలు. మిగతా జట్టంతా మార్చినా నాకు బాధ లేదు. ఆ ఎడమ…"

అంతలోనే నాలుక కరుచుకున్నాడు. కండక్టరు దగ్గాడు. బేకరీ ఆయన బల్ల మీది సుద్దముక్క తీసి చూసి మళ్ళీ అక్కడే పెట్టాడు.

"ఎడమ చేతి గ్లౌజు కూడా బాగోలేదు గోలీకి," అని ముగించాడు షాక్.

రిఫరీగారు తలెత్తలేదు, మిషను తొక్కుతూనే ఉన్నాడు. జట్టు అవసరాలన్నీ తిరగేస్తున్నారు, కుడి పక్క, మధ్య, ముందు, చివరికి నీళ్ళ సీసాలు అందించేవాడి దాకా. ఎడమ పక్క దగ్గరికొచ్చేసరికి అందరికీ దగ్గొస్తోంది. ఆయన ముందు ఆ మాట ఎత్తకూడదని వాళ్ళలో వాళ్ళు ఎప్పుడో అనుకున్నారన్నమాట. వీధిలో ఎవరి తప్పునైనా ముఖం మీదే చెప్పే మనిషి మీద జాలిపడుతున్నారు. తల కొట్టేసినట్టయింది ఆయనకి.

నిజానికి ఎడమ పక్క సంగతి ఆయనకి తెలిసినంతగా ఆ ముగ్గురికీ తెలియదు. చలికాలంలో ఇదే బల్ల మీద ఆయనే వాళ్ళకి విప్పి చెప్పాడు. కత్తెరని, ఎడమ పక్కనే అల్లుడి ముందు ఆడే బంగారుకాలు అన్నాడు, సుద్దముక్కని అల్లుడన్నాడు, రెండు దారపు రీళ్ళని అవతలి జట్టువాళ్ళన్నాడు. "ఇదిగో, ఈ కత్తెర గోలు కొట్టడానికి ముందుకి పోతుంది. పోతే పోనీ, తిరిగి రావాలా వద్దా? రాదు. అప్పుడీ రెండు రీళ్ళూ ఇటు నుంచి దొర్లుకొస్తాయి. సుద్దముక్క ఒక్కటే. దేన్ని ఆపుతుంది?" ఆరోజు ముగ్గురూ తలాడించారు. చివరి ఆట తర్వాత ఆ మాట అందరూ మర్చిపోయారు. ఆయన మర్చిపోలేదు, కానీ మళ్ళీ ఎత్తాలంటే నోరు రాలేదు. ఎత్తితే రిఫరీగారు అల్లుణ్ణి వెనకేసుకొస్తున్నాడంటారు. ఆ మాట ఒకటి తప్ప ఈ లోకంలో ఆయన ఏ మాటైనా పడగలడు.

ఇంకో రోజు రొట్టె కోసం బేకరీకి వెళ్ళాడు. లోపల గోడకి కొట్టిన మేకుకి జట్టు చొక్కా ఒకటి వేలాడుతోంది. వీపు మీద ఏడు, బంగారుకాలి నంబరు. చూపు దాటిపోబోయి ఆగింది. ఏడు అంచుల వెంట బట్ట ముదురు రంగులో వంకర్లు తిరిగి కనిపిస్తోంది. ఎన్నేళ్ళగానో ఎండ తగలకుండా అంకె కిందున్న బట్ట అది. విప్పినా దాని ఆకారం పోదు. ఆ వంకర్లు మూడువి. పైగా ఏడుని కుట్టిన కుట్టు తనది కాదు, వదులుగా, దూరం దూరంగా ఉంది. రైలు గేటు అవతల కొత్తగా కొట్టు పెట్టిన టైలరు మిషను కుట్టు.

"ఇది నేను కుట్టింది కాదే," అన్నాడు రిఫరీగారు.

బేకరీ ఆయన నీళ్ళు నమిలాడు. "మా తమ్ముడి కొడుకు పట్టుకెళ్ళాడు అన్నయ్యా. నేను చెప్తూనే ఉన్నాను, ఇక్కడ మనాయన ఉండగా అని… అటు వైపు ఏదో పనుందట."

"అటు వైపు ఇంకెంతమందికి పనుంది?"

బేకరీ ఆయన రొట్టె కాగితంలో చుడుతూ కూర్చున్నాడు. ఒక్క రొట్టెకి అంత చుట్టక్కర్లేదు.

తిరిగొస్తుంటే వీధిలో ఎదురైన ప్రతి వీపునీ చూసుకుంటూ వచ్చాడు. నిన్నటిదాకా మూడున్న చోట ఏడు, తొమ్మిది, ఒకటి. అన్నీ వదులు కుట్లు. అంటే వీధి వీధంతా సంచుల్లో చొక్కాలు దాచుకుని, ఆయన కొట్టు ముందు నుంచి కాకుండా చుట్టుతిరిగి వెళ్ళి విప్పించుకొస్తోందన్నమాట. ఆయన నొచ్చుకుంటాడని. అల్లుడు గోలు ఇచ్చినందుకు సగం, వీళ్ళు ఆ సంగతి తన దగ్గర దాచినందుకు సగం, ఒళ్ళంతా సిగ్గుతో మండిపోయింది. ఆ సిగ్గులో ఆయన చేయకూడని పని చేశాడు.

మర్నాడు ముగ్గురూ రాగానే ఆయన లోపలికెళ్ళి తన చొక్కానే తెచ్చాడు. బల్ల మీద బోర్లా పరిచాడు. బ్లేడు తీసి మూడు అంచున పెట్టాడు.

"ఏం చేస్తున్నారు రిఫరీగారూ?" అన్నాడు కండక్టరు. మొదటిసారి ఆయన గొంతు పక్కవాడికి కూడా సరిగ్గా వినపడలేదు.

"మీరందరూ దొంగచాటుగా గేటవతలకి పోవాల్సిన ఖర్మేం పట్టింది? నేను లేనా, నా బ్లేడు లేదా? ఇక్కడే విప్పుతాను. జట్టుకి మొట్టమొదట కావలసింది ఎడమ పక్క కొత్త మనిషి. చెప్పండి, కాదంటారా? మీరు చెప్పలేకపోతే నేనే చెప్తాను."

కుట్టు పటపటమని తెగింది. తను కుట్టిన కుట్టు కదా, అంత సులువుగా ఊడలేదు. మూడు ఊడి చేతిలోకొచ్చేసరికి నుదుటి మీద చెమట పట్టింది.

"అదీ మనిషంటే," అన్నాడు షాక్, కళ్ళు తుడుచుకున్నంత పని చేసి. "సొంత అల్లుడైనా సరే. రిఫరీ అంటే రిఫరీయే."

వీధంతా పాకిపోయింది ఆ మాట. రెండు రోజుల్లో కొట్టు నిండా చొక్కాలు. ఇన్నాళ్ళూ మొహం చాటేసినవాళ్ళు వచ్చి భుజం తట్టి వెళ్ళారు. ఆయనకి పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆయన భార్య మాత్రం ఒక పూట అన్నం వడ్డిస్తూ, "ఇంతకీ నీ తీర్పు ఎవరడిగారు?" అంది. ఆయన అన్నంలో పెరుగు కలుపుకున్నాడు.

ఇంతటితో ఆగినా వీధి ముచ్చటగా పోయేది. కానీ ఆ క్లబ్బుకి ఒక అలవాటుంది. సీజనైపోయాక, ఎవర్ని ఉంచుకోవాలో తేల్చుకునే ముందు, ఒక్కో స్టాండు తరఫున ఒకర్ని పిలిచి కూర్చోబెట్టి మాట వింటారు. తూర్పు స్టాండు తరఫున వెళ్ళేది ఏటా రిఫరీగారే. అల్లుడి ఒప్పందం ఈ ఏడాదితో అయిపోతోందని, కొనసాగిస్తారా లేదా అన్నది ఇంకా నలుగుతోందని ఆయనకి తెలుసు. తెలిసే వెళ్ళాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్ళాడు.

క్లబ్బు ఆఫీసు గదిలో పొడుగాటి బల్ల, గాజు అల్మరాలో ఎప్పటివో కప్పులు, మనిషికో నీళ్ళ సీసా. ఒక కొసన మేనేజరు, పక్కన కోచ్. గోలీ గురించి గంట మాట్లాడారు. మధ్య ఆటగాళ్ళ గురించి మాట్లాడారు. ఎడమ పక్క దగ్గరికొచ్చేసరికి ఇక్కడా అదే దగ్గు. తక్కిన స్టాండులవాళ్ళు సీసాల మూతలు తిప్పుకుంటున్నారు.

మేనేజరు మంచి మనిషి, మర్యాదగా అన్నాడు. "మీకు ఇబ్బందిగా ఉంటే దీని గురించి మీరు మాట్లాడక్కర్లేదండీ. మీ అల్లుడు కదా, మేం అర్థం చేసుకోగలం."

అక్కడ కాస్త నోరు మూసుకున్నా సరిపోయేది. లేదంటే బల్ల మీదున్న సీసాలే తీసి, ఇది బంగారుకాలు, ఇది మా అల్లుడు, ఇవిగో వచ్చేవాళ్ళిద్దరూ అని చూపించినా సరిపోయేది. ఆ గదిలో ఆ సంగతి తెలిసిన అభిమాని ఆయనొక్కడే. నాలుక చివరి దాకా వచ్చింది. కానీ అందరూ తన వంకే చూస్తున్నారు. అల్లుణ్ణి వెనకేసుకొస్తాడేమో చూద్దామన్నట్టే చూస్తున్నారనిపించింది. నిజానికి వాళ్ళెవరికీ అంత ఆసక్తి లేదు, భోజనం వేళవుతోంది.

"ఇబ్బందేముంది?" అన్నాడు రిఫరీగారు. "తూర్పు స్టాండు మాట ఒకటే. ఎడమ పక్క కొత్త మనిషిని తేవాలి. మిగతావన్నీ ఆ తర్వాతే. నా అల్లుడైనంత మాత్రాన నిజం నిజం కాకుండా పోదు."

కోచ్ ఏదో రాసుకున్నాడు. మేనేజరు లేచొచ్చి చేయి కలిపాడు. "మీలాంటి అభిమానులుండటం మా అదృష్టమండీ," అన్నాడు. ఆ చేయి తనది కానట్టు కాసేపు గాల్లోనే పెట్టుకుని నడిచాడు రిఫరీగారు.

ఇంటికొచ్చేసరికి కూతురు వచ్చి ఉంది. ఆవిడ పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో పనిచేస్తుంది, సెలవు దొరికితే పిల్లని తీసుకుని వస్తుంది. తల్లి పక్కన కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. తండ్రి ఇస్త్రీ చొక్కా చూసి లేచింది.

"మీటింగైందా నాన్నా? ఆయన గురించి ఏమైనా మాట వచ్చిందా?"

"ఆఁ, ఏవో మాట్లాడుకున్నారు. గోలీ గురించి."

"బంగారుకాలు వెనక్కి రావట్లేదని నువ్వు చెప్పావా? కోచ్‌కి ఎవరో ఒకరు చెప్తే బాగుండునని రోజూ అనుకుంటున్నాను. ఆయన చచ్చినా చెప్పరు. తోటివాడి మీద చాడీలు చెప్పినట్టుంటుందంటారు."

రిఫరీగారు చెప్పులు విడుస్తూ చాలాసేపు వంగే ఉన్నాడు. "చూద్దాం అన్నారు," అన్నాడు చివరికి. కూతురు ముఖం విప్పారింది. ఆయన లోపలికెళ్ళి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆఫీసు గదిలో పొందిన గొప్పతనమంతా అప్పుడే పోయింది. తను చెప్పాలని ఇంట్లో కూతురు కోరుకున్న మాటా, తనకి నిజమని తెలిసిన మాటా ఒకటే. అది తప్ప తక్కినదంతా చెప్పొచ్చాడు.

వారం తిరక్కుండానే అల్లుడి ఒప్పందం కొనసాగించట్లేదని క్లబ్బు ప్రకటించింది. కూతురు ఫోన్ చేసి తల్లితో మాట్లాడింది. తండ్రికివ్వమని అనలేదు.

ఒక మధ్యాహ్నం కొట్లో ఎవరూ లేనప్పుడు అల్లుడే వచ్చాడు. మోకాలికి పట్టీ ఉంది. కొలతలిచ్చేవాళ్ళు కూర్చునే స్టూలు మీద కూర్చున్నాడు. బల్ల పక్కన గుట్టగా పడున్న విప్పిన మూడో నంబర్లని చూశాడు, చూడనట్టు ఊరుకున్నాడు. వాటిని తీసి ఎక్కడైనా దాచాలన్న ఆలోచన రిఫరీగారికి అప్పుడు వచ్చింది. అప్పటికే ఆలస్యమైంది.

"మోకాలెలా ఉంది బాబూ?"

"తగ్గుతోంది మామయ్యగారూ. దూరంగా చిన్న ఊళ్ళో ఒక క్లబ్బువాళ్ళు రమ్మన్నారు. మేం ముగ్గురం అక్కడికి వెళ్ళిపోతున్నాం. మీకు చెప్పి వెళ్దామని."

"మంచిది. మంచి మాట."

అల్లుడు బల్ల మీది సుద్దముక్క తీసి వేళ్ళ మధ్య తిప్పాడు.

"కోచ్‌గారు చెప్పారు. ఊరివాణ్ణి పంపిస్తే గొడవవుతుందేమోనని వాళ్ళు వెనకాడుతున్నారట. మీ మామగారే ఒప్పుకున్నారు కాబట్టి మాకు ధైర్యం వచ్చింది అన్నారు." ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉన్నా బాగుండేది. "ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. చలికాలంలో ఇక్కడ కత్తెరా సుద్దముక్కా పెట్టి మీరేం చూపించారో మీ అమ్మాయి నాకు చెప్పింది. ఒక్కళ్ళకైనా కనిపిస్తోంది కదా అనుకునేవాణ్ణి. ప్రతి ఆటకీ అదే తలుచుకుని దిగేవాణ్ణి. అదే మీరు… మీటింగ్‌లో చెప్పింది కూడా నిజంగా అలా అనిపించే చెప్పారా?"

ఇదీ అదను. అడిగినవాడు తలవంచుకుని అడిగాడు. చూసేవాళ్ళు లేరు, నవ్వేవాళ్ళు లేరు. తప్పైపోయింది బాబూ అంటే చాలు. ఊరందరి తప్పులూ ముఖం మీద చెప్పినవాడు తన తప్పు దగ్గరికొచ్చేసరికి అడ్డదారి వెతుక్కున్నాడు.

"నాదేముంది బాబూ. అందరూ అనుకున్నదే నేను చెప్పాను. అది స్టాండు మాట, నా మాట కాదు."

అల్లుడు తలూపాడు. సుద్దముక్క తీసినచోటే పెట్టి లేచాడు. "సరే మామయ్యగారూ, వస్తాను," అన్నాడు. కుంటుతున్నట్టు తెలియకూడదని మెట్లు నెమ్మదిగా దిగాడు. ఆ రోజంతా రిఫరీగారు ఒక్క కుట్టు సరిగ్గా వేయలేదు. వేసినవన్నీ విప్పుకుంటూ కూర్చున్నాడు.

వాళ్ళు ఊరు విడిచే ముందురోజు సాయంత్రం కొట్లో మామూలు ముగ్గురూ ఉన్నారు. క్లబ్బు ఎడమ పక్కకి కొత్తవాణ్ణి కొన్నదట, షాక్ ఫోన్లో వాడి ఆటలు చూపిస్తున్నాడు. "కాళ్ళు చూడండి, కరెంటు స్తంభాల్లా లేవూ," అంటున్నాడు. అంతలో గుమ్మంలో కూతురు కనిపించింది. ఆవిడ లోపలికి రాలేదు. ఆవిడ చెయ్యి విడిపించుకుని మనవరాలు వచ్చింది. ఇంకా పాలపళ్ళు ఊడుతున్న పిల్ల. చేతిలో చిన్న చొక్కా, దాని వీపు మీద చిన్న మూడు. పిల్ల పుట్టినరోజుకి రిఫరీగారు అరచేతిలో పట్టేంత అంకె కత్తిరించి, మిషను మీద వేస్తే బిగుసుకుపోతుందని చేత్తో కుట్టిన చొక్కా అది.

"తాతయ్యా, నాది కూడా విప్పేయ్," అని బల్ల మీద పెట్టింది.

"నీదెందుకమ్మా?"

"అందరివీ విప్పావు కదా. నాన్న బాగా ఆడడు కదా."

"ఎవరన్నారు?"

"బళ్ళో అన్నారు. నేను కాదన్నాను. రోజూ కాదన్నాను. అప్పుడు వాళ్ళు, మీ తాతయ్యే చెప్పాడు అన్నారు." "తాతయ్యైతే అబద్ధం చెప్పడు కదా. అందుకని నేను ఇంకేం అనలేదు."

షాక్ ఫోన్ ఆపేశాడు. కండక్టరు నేల చూస్తున్నాడు. రిఫరీగారు గుమ్మం వైపు చూశాడు. "నేనేం చెప్పలేదు నాన్నా," అంది కూతురు, కళ్ళు వీధి వైపు పెట్టుకుని. "పెట్టెలు సర్దుతుంటే అదే తీసుకుంది. తాతయ్య దగ్గరికెళ్దాం అని ఒకటే గొడవ."

బ్లేడు బల్ల మీదే ఉంది. ఆయన దాన్ని దూరంగా జరిపాడు. నేల చీలి తనని లోపలికి తీసుకుపోతే బాగుండుననిపించింది. నేల చీలలేదు, పిల్ల ఎదురుగా నిలబడే ఉంది. మీటింగ్‌లో మేనేజరు ముందు నిజం చెప్పనివాడు, అల్లుడు తలవంచుకుని అడిగినప్పుడు చెప్పనివాడు, ఆ ఊడిపోయిన పన్ను సందు చూసి ఇంక తప్పించుకోలేకపోయాడు.

"తాతయ్య అబద్ధం చెప్పాడమ్మా," అన్నాడు. "మీ నాన్న బాగా ఆడాడు. ఇద్దరాడాల్సిన చోట ఒక్కడే ఆడాడు. నాకు తెలుసు. తెలిసే అలా చెప్పాను."

పిల్ల నుదురు ముడేసింది. లెక్క కుదరనప్పుడు అలాగే చేస్తుంది.

"ఎందుకు చెప్పావు?"

"సిగ్గేసింది."

"మా నాన్నంటేనా?"

కాదమ్మా అనొచ్చు. చిన్నపిల్ల, నమ్ముతుంది. గుమ్మంలో కూతురు అప్పుడు ఇటు తిరిగింది. రిఫరీగారు తల దించుకున్నాడు.

"అవునమ్మా."

పిల్ల కాసేపు ఆయన్నే చూసింది. తర్వాత బల్ల మీదున్న చొక్కా తీసుకుంది. గౌను మీదే తొడుక్కోబోతే తల ఇరుక్కుంది, ఎప్పుడూ అయితే ఆయనే లాగుతాడు. చెయ్యి చాపాడు. పిల్ల ఒక అడుగు వెనక్కి వేసి, తనే పెనుగులాడి తల బయటికి తెచ్చుకుంది.

"నాకేం సిగ్గు వెయ్యట్లేదు," అంది.

తల్లి చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. రిఫరీగారు స్టూలు పక్కకి తన్నేసి లేచాడు. టేపు మెడలో ఉండగానే, కొట్టు ముగ్గురికీ వదిలేసి, వాళ్ళ వెనకాలే వీధిలో పడ్డాడు. ముందు చిన్న వీపు మీద చిన్న మూడు పోతోంది. "అమ్మా, ఆగు. నేనూ వస్తాను. మీ ఆయనతో మాట్లాడాలి. ఆరోజు అడిగితే చెప్పలేదు, ఇప్పుడు చెప్తాను," అన్నాడు రొప్పుతూ.

కూతురు ఆగింది. పిల్లే వెనక్కి వచ్చింది. వచ్చి, తల్లికి వినపడకూడదన్నట్టు ఆయన చొక్కా పట్టుకుని కిందికి లాగింది. ఆయన వంగాడు.

"నువ్వు రావద్దు తాతయ్యా," అంది చెవిలో. "నీకు సిగ్గేసిందని నాన్నకి చెప్పకు. నాన్నకి నువ్వంటే చాలా ఇష్టం."

ఆయన వంగినవాడు వంగినట్టే ఉండి, సరేనన్నాడు.